మిర్చి యార్డు గుమస్తా, మంచం పక్కన గాలి మిషన్: ఎనిమిది నెలల వాడకం

నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు (స్లీప్ ఆప్నియా) వాడే సీపాప్ అనే గాలి మిషన్ గురించి ఈ సమీక్ష రాయడానికి కారణం ఒక తక్‌పట్టీ.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి అడ్తిలో, అంటే కమీషన్ దుకాణంలో, నేను 27 ఏళ్లుగా గుమస్తాను. రైతు సరుకు తెస్తాడు, ఖరీదుదారు ధర పెడతాడు, దడ్వాయి కాంటా వేస్తాడు. ఆ తూకాన్ని ధరతో గుణించి, ఖర్చులు తీసేసి, రైతు చేతికి ఎంత రావాలో రాసిచ్చే కాగితమే తక్‌పట్టీ. ఇప్పుడు కంప్యూటర్ ఉంది, బిల్లు అదే కొడుతుంది. అయినా నోటి లెక్కతో ఒకసారి సరిచూడకుండా ఏ కాగితమూ నా చేయి దాటేది కాదు. ఆ పట్టింపు నాకు నేర్పింది మా సేటు గారి తండ్రి.

కిందటి మార్చిలో ములుగు వైపు నుంచి ఒక రైతు 12 బస్తాల తేజ రకం తెచ్చాడు. తూకం 4 క్వింటాళ్ల 80 కిలోలు, ధర క్వింటాలుకు 18,600. నేను 16,800 అని కొట్టాను. తర్వాత అలవాటు ప్రకారం నోటితో లెక్క చూశాను, చూసింది కూడా 16,800తోనే. రైతుకు రావలసినవి 89,280 రూపాయలు, నేను రాసింది 80,640. తేడా 8,640. మరుసటి రోజు పొద్దున్నే అతను మొదటి బస్సుకు వచ్చి, కాగితం నా ముందు పెట్టి, "అన్నా, నా ధర పద్దెనిమిది వేల ఆరు వందలు కదా" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో, భయం ఉంది. ఆ డబ్బు తనకు దక్కుతుందో లేదో అన్న భయం. సేటు గారు వెంటనే మిగతా డబ్బు ఇప్పించారు. నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం మాత్రం పక్కకు పిలిచి, "ఒంట్లో బాగుండడం లేదా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

అంతకు రెండేళ్ల ముందు నుంచే ఏదో జరుగుతోంది. పొద్దున లేస్తే తల బరువు, నోరు ఎండిపోయి ఉండేది. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేచేవాడిని. పదకొండు గంటలయ్యేసరికి రెప్పలు వాలిపోయేవి. ఖాతా పుస్తకంలో అంకె రాస్తూ రాస్తూ పెన్ను గీత కిందికి జారిపోయిన పేజీలు ఇప్పటికీ ఉన్నాయి. గోదాములోకి వెళ్లి ఎందుకు వచ్చానో మరిచి తిరిగి వచ్చేవాడిని. 20 ఏళ్లుగా ఎరిగిన హమాలీ పేరు నోటికి అందేది కాదు. చిన్న విషయానికి పెద్ద గొంతుతో అరిచేవాడిని. ఒక సాయంత్రం ఇంటికి వస్తూ ములుగు రోడ్డు మీద సిగ్నల్ దగ్గర స్కూటర్ ఆపి, కాలు నేల మీద పెట్టి అలాగే నిద్రపోయాను. వెనక లారీ హారన్ కొడితే తెలివి వచ్చింది.

మా నాన్నకు 71వ ఏట మతిమరుపు మొదలైంది. సొంత వీధిలోనే దారి తప్పేవాడు. నాకు 51. అదే ముందుగా వచ్చిందని అనుకున్నాను. భార్యకు కూడా చెప్పలేదు. ఆమె మాత్రం, "రాత్రి మీ గురక మధ్యలో ఆగిపోతోంది, ఊపిరి కూడా ఆగుతోంది, నేను భుజం పట్టి కదిపితే మళ్లీ తీసుకుంటున్నారు" అని ఎన్నోసార్లు అంది. గురక గాఢ నిద్రకు గుర్తు అని మా ఇళ్లలో పెద్దల మాట. నేనూ అదే నమ్మి ఆమె మాట పక్కన పెట్టాను.

మొదట నరాల వైద్యుడికి చూపించుకున్నాను. స్కానింగ్‌లో ఏమీ లేదు, బీ12 కొద్దిగా తక్కువ ఉందని మాత్రలు ఇచ్చారు. నిద్ర గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ తర్వాత నేను చేసిన పని ఎవరూ చేయకూడదు. మందుల దుకాణంలో అడిగి నిద్ర మాత్రలు తెచ్చుకున్నాను. రెండు రాత్రులు వేసుకున్నాను. రెండో రాత్రి ఊపిరి ఆగడం మరీ ఎక్కువైందని భార్య తెల్లవార్లూ నా పక్కన కూర్చునే ఉంది. నిద్ర మాత్రలైనా, మద్యమైనా గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయని, ఊపిరి ఆగినప్పుడు మెదడు తనంతట తాను లేచే శక్తిని కూడా మొద్దుబారుస్తాయని తర్వాత తెలిసింది.

చివరికి అసలు సంగతి బయటపడింది ముక్కు దిబ్బడకు వెళ్లినప్పుడు. మిర్చి ఘాటులో పనిచేసేవాళ్లందరికీ ఉండే బాధే అది. హన్మకొండలో చెవి ముక్కు గొంతు వైద్యురాలు నా నోరు తెరిపించి చూసి, టేపుతో మెడ కొలిచి, ఎనిమిది ప్రశ్నలు వేశారు. గురక ఉందా, పగలు అలసట ఉందా, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, రక్తపోటు ఉందా, బరువు ఎంత, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత ఎంత, మగవారా. టొరంటోలో ఫ్రాన్సెస్ చంగ్ అనే వైద్యురాలి బృందం 2008లో తయారు చేసిన ప్రశ్నావళి అట. నాకు ఎనిమిదికి ఏడు వచ్చాయి. వెంట వచ్చిన నా భార్య ఫోనులో తీసిన వీడియో చూపించింది. అందులో నా ఛాతీ ఎగురుతోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. ఆ మనిషిని నేను అదే మొదటిసారి చూడడం.

ఇక పరీక్ష సంగతి. ఇంటి దగ్గరే చేసే స్లీప్ స్టడీకి 5,000 రూపాయలు తీసుకున్నారు. రాత్రి ఎనిమిదిన్నరకు ఒక కుర్రవాడు చిన్న పెట్టె తెచ్చాడు. ఛాతీకి ఒక పట్టీ, ముక్కు దగ్గర సన్నని గొట్టం, వేలికి క్లిప్పు. ఎలా పెట్టుకోవాలో నాకే కాకుండా నా భార్యకూ చూపించి, ఆమె చేత ఒకసారి పెట్టించి చూశాడు. అది మంచి పద్ధతి. ఎందుకంటే అర్ధరాత్రి ముక్కు గొట్టం జారితే సరిచేసింది ఆమే. ఈ ఇంటి పరీక్షలో మెదడు తరంగాలు కొలవరు కాబట్టి మనం ఎంతసేపు నిజంగా నిద్రపోయామో దానికి తెలియదు. జబ్బు తీవ్రతను కొంత తక్కువగా చూపే అవకాశం ఉంది. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ఆసుపత్రిలో రాత్రంతా పడుకోబెట్టి చేసే పూర్తి పరీక్షే సరైనదని చెప్పారు. ఒక లోపం చెప్పాలి. తొమ్మిది పేజీల రిపోర్టును ఇంగ్లీషులో ఫోనుకు పంపి ఊరుకున్నారు. నాకు అంకెలు అర్థమయ్యాయి కానీ ఆ అంకెలకు అర్థం ఏమిటో తెలియక రెండు రోజులు నిద్ర లేదు.

అంకెలు ఇవి. గంటకు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో 41 సార్లు. ఒక్కసారి ఆగిన అత్యధిక కాలం 54 సెకన్లు. రక్తంలో ఆక్సిజన్ పడిపోయిన అట్టడుగు 72 శాతం. గంటకు 5 లోపు ఉంటే మామూలు, 15 వరకు స్వల్పం, 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. పది సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ ఆగితేనే లెక్కలోకి తీసుకుంటారు.

ఊపిరితిత్తుల వైద్యుడు ఆ రిపోర్టు పక్కన పెట్టి, ముందు నా పని ఏమిటో అడిగారు. చెప్పాను. "గంటకు 41 అంటే నిమిషంన్నరకు ఒకసారి. మీరు ఒక పేజీ కూడుతున్నారు. నిమిషంన్నరకు ఒకసారి ఎవరో వచ్చి భుజం తట్టి వెళ్తున్నారు. మళ్లీ మొదటి నుంచి కూడాలి. రాత్రంతా ఇదే. పొద్దునకు ఆ పేజీ పూర్తవుతుందా?" అన్నారు. కాదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

తర్వాత వివరంగా చెప్పారు, నేను కాగితం మీద రాసుకున్నాను. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. మెడ లావుగా ఉన్నా, దవడ చిన్నదైనా, నాలుక వెనకటి దారి ఇరుకుగా ఉన్నా ఆ దారి తడి సంచీ నోరులా అతుక్కుపోతుంది. ఛాతీ లాగుతూనే ఉంటుంది, గాలి రాదు. ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ప్రమాదం గుర్తించి కొన్ని సెకన్లు లేస్తుంది, గొంతు బిగుస్తుంది, గాలి ఒక్కసారిగా లోపలికి వస్తుంది. లేచినట్టు మనకు పొద్దున గుర్తుండదు. దీనివల్ల మెదడుకు రెండు విధాల నష్టం. ఒకటి, నిద్ర ముక్కలు కావడం. గాఢ నిద్రా నిలవదు, కలల నిద్రా నిలవదు. రెండోది, రాత్రికి వందల సార్లు ఆక్సిజన్ పడి లేవడం. పగలు ముందుగా దెబ్బ తినేది నిలకడగా ఒకదాని మీద మనసు పెట్టే శక్తి. తర్వాత ఒకేసారి రెండు మూడు అంకెలు తలలో పట్టుకుని పనిచేయడం, ముందూ వెనకా ఆలోచించి తొందరపాటును ఆపుకోవడం, కొత్త విషయాన్ని నిలుపుకోవడం. నేను 18,600ను 16,800గా చదివి, అదే తప్పుతో మళ్లీ సరిచూశాను కదా, అది మొదటి రెండింటి లోటు. హమాలీల మీద అరిచింది మూడోది.

ఇటలీలో మిలాన్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం గురించి చెప్పారు. చికిత్స తీసుకోని 17 మంది తీవ్ర రోగుల మెదడు స్కాన్‌లలో, జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ వంటి చోట్ల బూడిద రంగు పదార్థం ఆరోగ్యవంతుల కంటే తక్కువగా కనిపించింది. మూడు నెలల చికిత్స తర్వాత కొన్ని చోట్ల అది పెరిగింది, పరీక్షల్లో మార్కులూ మెరుగయ్యాయి. అదే ప్రాంతపు పరిశోధకులు 2014లో మెదడులోని తెల్ల పదార్థాన్ని, అంటే ఒక చోటును మరో చోటుతో కలిపే తీగల్లాంటి పోగులను చూశారు. వాటి నష్టం చాలావరకు సర్దుకోవడానికి 12 నెలలు పట్టింది. చిన్న అధ్యయనాలే, కానీ "పోయింది పోయినట్టే" అని నమ్మి కూర్చున్న నాకు ఆ మాట వెయ్యి మాత్రల పెట్టు.

నాన్న సంగతి కూడా అడిగాను. ఆయన దాచకుండా చెప్పారు. అమెరికాలో సగటున 82 ఏళ్ల వయసున్న 298 మంది స్త్రీలను కొన్నేళ్లు గమనించి 2011లో ప్రచురించారట. నిద్రలో ఊపిరి సమస్య ఉన్నవారిలో నూటికి 45 మందికి, లేనివారిలో నూటికి 31 మందికి మతిమరుపో దాని తొలి దశో వచ్చింది. సంబంధం ఉందని ఇది చెబుతుంది, నాన్నకు ఇదే కారణమని చెప్పదు. నాన్న గురక మా వీధి చివరకు వినిపించేది. ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. దీని గురించి నేను ఇంకా బాధపడుతూనే ఉన్నాను.

చికిత్సగా రాసింది సీపాప్ మిషన్. మన దగ్గర దీన్ని చూసినవాళ్లందరూ ఆక్సిజన్ మిషన్ అనుకుంటారు. కరోనా రోజుల భయం ఇంకా పోలేదు కాబట్టి మా ఇంటి ఎదురు వాళ్లు నాకు ఏమయిందోనని కంగారుగా వచ్చారు. ఇందులో ఆక్సిజన్ లేదు. గదిలోని గాలినే ఒక చిన్న మోటారు కొంచెం ఒత్తిడితో గొట్టం ద్వారా ముక్కుకు పంపుతుంది. ఆ ఒత్తిడి గొంతు గోడలను విడదీసి నిలబెడుతుంది, అంతే. సిడ్నీలో కోలిన్ సలివన్ అనే వైద్యుడు 1981లో ఈ పద్ధతిని ప్రకటించినప్పుడు వాక్యూం క్లీనర్ మోటారుతో మొదలుపెట్టారట. ఇప్పటి మిషన్ టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, ఫ్యాను శబ్దం కంటే తక్కువ శబ్దం చేస్తుంది.

నేను కొన్నది తనంతట తాను ఒత్తిడిని సర్దుకునే రకం, తేమ కలిపే నీటి తొట్టితో సహా 42,000 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ ధరలో దొరికే మంచి మిషన్లన్నీ ఇదే పని చేస్తాయి. నేను చెప్పదలచుకున్నది మాస్కు గురించి, ఆ మాస్కు సరిపెట్టే మనిషి గురించి.

మొదటి దుకాణం వాళ్లు మిషన్‌తో పాటు ముక్కు, నోరు రెండూ మూసే మధ్యస్థ సైజు మాస్కు ఒకటి ఇచ్చి, బెల్టులు బిగించి చూపించి పంపించేశారు. మొత్తం పది నిమిషాలు. మొదటి రాత్రి కళ్లలోకి గాలి కొట్టింది. బిగిస్తే ముక్కు దూలం మీద పుండు పడింది. పొట్టలోకి గాలి పోయి తెల్లవారుజామున ఉబ్బరం. నోరు ఇసుకలా ఎండిపోయేది. ఫోను చేస్తే ప్రతిసారీ ఒకటే మాట, "అలవాటవుతుంది సార్." మూడు వారాలు గడిచాయి. రాత్రి ఒంటిగంటకు తెలియకుండానే తీసి పక్కన పడేసేవాడిని. మిషన్‌లో నమోదైన లెక్క ప్రకారం సగటు వాడకం రాత్రికి గంటా 40 నిమిషాలు. వైద్యులు కనీసంగా చూసేది నాలుగు గంటలు. అప్పటికి 42,000 పోసి కొన్నది బీరువా మీదికి ఎక్కించాలని నిర్ణయించుకున్నాను. భార్య ఒప్పుకోలేదు. "రైతు మళ్లీ వచ్చి నిలబడితే ఏం చెబుతారు?" అంది.

నక్కలగుట్టలో ఒక ఆసుపత్రికి వారానికి రెండు రోజులు నిద్ర టెక్నీషియన్ వస్తుందని వైద్యుడు చెబితే వెళ్లాం. పాతికేళ్ల అమ్మాయి. ముందు మిషన్‌లోని కార్డు కంప్యూటర్‌లో పెట్టి గాలి ఎంత కారుతోందో చూసింది. తర్వాత నన్ను మంచం మీద పడుకోబెట్టింది. ఇదే అసలు విషయం. కూర్చున్నప్పుడు సరిపోయిన మాస్కు పడుకుంటే సరిపోదు, ముఖం కండరాలు జారుతాయి. దుకాణంలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి బిగించారు. ఆమె ఒక్కో మాస్కు పెట్టి, మిషన్ నడిపి, కుడి పక్కకు, ఎడమ పక్కకు తిరగమని, వేలితో అంచులు తడిమి చూసింది. నాలుగు మాస్కులు మార్చి చూసి చివరికి ముక్కును మాత్రమే మూసే చిన్న మాస్కు తేల్చింది. బెల్టుల కింద రెండు వేళ్లు దూరాలి, అంతకంటే బిగించకూడదని చెప్పింది. మొత్తం 50 నిమిషాలు పట్టింది. ఫీజు 600 రూపాయలు, మాస్కు 4,800.

అయితే ముక్కు మాస్కు పనిచేయాలంటే ముక్కు తెరుచుకుని ఉండాలి. నా పని మిర్చి యార్డులో. ఆమె అది అడిగి తెలుసుకుని తిరిగి ముక్కు వైద్యురాలి దగ్గరకు పంపింది. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే స్నానం, ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, ఆవిడ రాసిన స్ప్రే. యార్డు బట్టలు పడక గదిలోకి తేకూడదు. ఈ చివరి మాట ఏ పుస్తకంలోనూ ఉండదు, కానీ నా ముక్కుకు సగం ఉపశమనం దానితోనే వచ్చింది. ఒత్తిడి కూడా మార్చారు. దుకాణం వాళ్లు మిషన్ కొలతలో 4 నుంచి 20 వరకు వదిలేశారు. మొదట్లో గాలి చాలక ఉక్కిరిబిక్కిరి, తర్వాత అకస్మాత్తుగా తోసుకొచ్చేది. వైద్యుడు దాన్ని 7 నుంచి 13 మధ్య కట్టేశారు. పగలు టీవీ చూస్తూ అరగంట మాస్కు పెట్టుకుని కూర్చోమన్నారు. భయం పోయింది. రెండో వారానికి ఐదు గంటలు దాటింది. ఇప్పుడు సగటు ఆరు గంటల పది నిమిషాలు, ఊపిరి ఆగే లెక్క గంటకు 2.6.

మిషన్ వాడి ఫలితం ఎలా ఉంది అని అడిగితే నా దగ్గర ఊహ కాదు, లెక్క ఉంది. మిషన్ కొన్న వారంలో పాత ఖాతా పుస్తకాలు అడ్తి నుంచి ఇంటికి తెచ్చుకున్నాను. ప్రతి ఆదివారం ఉదయం ఎనిమిదికి, ఎప్పుడూ చూడని పేజీ ఒకటి తెరిచి, 40 వరుసలు నోటితో కూడి, గడియారం చూసి రాసుకున్నాను. మొదటి ఆదివారం 11 నిమిషాలు, నాలుగు తప్పులు. మాస్కుతో తిప్పలు పడ్డ మూడు వారాలూ అంతే. మాస్కు మారిన నెలకు 9 నిమిషాలు, రెండు తప్పులు. మూడు నెలలకు 6 నిమిషాలు, చాలా ఆదివారాలు తప్పు లేదు. ఆ తర్వాత అక్కడే ఆగింది. ముప్పై ఏళ్ల వయసులో నాలుగు నిమిషాల్లో కూడేవాడిని, అది తిరిగి రాలేదు, రావాలనీ లేదు.

ఒకటి ఆశ్చర్యపరిచింది. పగటి నిద్ర పది రోజుల్లో పోయింది. పొద్దున తలనొప్పి ఇంకా ముందే పోయింది. కోపం తగ్గడానికి రెండు నెలలు పట్టింది. అడ్తిలో హమాలీలే ముందు గుర్తించి సేటు గారికి చెప్పారట. లెక్క కుదుటపడడానికి మూడు నెలలు. మనుషుల పేర్లు మాత్రం ఎనిమిది నెలల తర్వాత కూడా అప్పుడప్పుడు జారిపోతున్నాయి. అన్నీ ఒకేసారి రావు. ఒక పెద్ద అమెరికన్ అధ్యయనం 2012లో వచ్చింది. వెయ్యి మందికి పైగా రోగుల్లో కొందరికి నిజమైన మిషన్, కొందరికి ఒత్తిడి లేని ఉత్తుత్తి మిషన్ ఇచ్చి ఆరు నెలలు చూశారు. నిద్రమత్తు స్పష్టంగా తగ్గింది కానీ, ఆలోచన శక్తి పరీక్షల్లో తేడా చాలా కొద్దిగానే, అదీ కొంతకాలమే కనిపించింది. కాబట్టి మిషన్ పెట్టుకున్న ప్రతివారి తెలివీ పదునెక్కుతుందని ఎవరైనా అమ్మితే నమ్మవద్దు. నాకు జబ్బు తీవ్రంగా ఉంది, పగలు బాగా నిద్ర వచ్చేది, రోజూ వాడాను. నా మార్పు నాది.

కలల నిద్ర గురించి ఒక మాట. ఆ నిద్రలో శరీరపు కండరాలు దాదాపు పూర్తిగా వదులవుతాయి కాబట్టి ఊపిరి ఆగడం అప్పుడే మరీ ఎక్కువ. అది ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది. న్యూయార్క్‌లో 2014లో 18 మంది రోగుల మీద ఒక పరీక్ష చేశారు. సాయంత్రం కంప్యూటర్‌లో చిక్కుదారుల ఆట ఆడించి, రాత్రంతా మిషన్‌తో పడుకోబెడితే పొద్దున అదే దారిని సుమారు 30 శాతం త్వరగా దాటారు. మరో రాత్రి కలల నిద్రలో మాత్రమే మిషన్ ఒత్తిడిని తగ్గిస్తే, పొద్దున ఆ లాభం పోవడమే కాక కొంచెం ఆలస్యమైంది. మూడింటికే మాస్కు తీసేసే అలవాటు ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. నాలుగు గంటలు వాడాను కదా అని నేనూ మాస్కు కుదిరిన మొదట్లో సరిపెట్టుకున్నాను. ఆ విషయం తెలిసిన తర్వాత తీయలేదు.

ఖర్చు, నిర్వహణ సంగతులు క్లుప్తంగా. మా ఇంటి బోరు నీళ్లు పోస్తే వారంలో తొట్టిలో తెల్లటి పొర కట్టింది. అందుకే మందుల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడుతున్నాను, బ్యాటరీలకు పోసేది వద్దన్నారు. నెలకు నాలుగైదు లీటర్లు. మాస్కు మెత్తటి భాగం ప్రతి ఉదయం సబ్బు నీళ్లతో కడగాలి, లేకపోతే ముఖం జిడ్డుకు గాలి కారుతుంది. ఫిల్టర్ నెలకు ఒకటి. వేసవిలో కరెంటు పోతే మిషన్ ఆగిన క్షణమే తెలివి వస్తుంది, వెంటనే మాస్కు తీసేస్తాను. ఇన్వర్టర్‌కు కలిపాను. నీళ్లు వేడి చేసే భాగమే కరెంటు ఎక్కువ తాగుతుంది, ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు దాన్ని ఆపేస్తే తెల్లవార్లూ వస్తుంది. మేడారం జాతరకు వెళ్లినప్పుడు వెంట తీసుకుపోయాను, బంధువుల ఇంట్లో పిల్లలు చుట్టూ చేరి చూశారు. సిగ్గుపడలేదు.

పాత మిషన్లు సగం ధరకు ఇస్తామని ఫోన్లు వస్తాయి. జాగ్రత్త. 2021 జూన్‌లో ఫిలిప్స్ రెస్పిరానిక్స్ సంస్థ అప్పటి తన మిషన్లలో చాలా రకాలను వెనక్కి పిలిచింది. లోపల శబ్దం తగ్గించే ఫోము పొడిగా రాలి, పీల్చే గాలిలో కలిసే ప్రమాదం ఉందని. అలాంటివి ఇంకా చేతులు మారుతూనే ఉంటాయి. ఏ మిషనైనా తయారీ తేదీ, క్రమసంఖ్య చూడకుండా, ఎంతసేపు నడిచిందో లోపలి లెక్క చూపించకుండా కొనవద్దు. మాస్కు మాత్రం ఎప్పుడూ కొత్తదే.

మార్కులు వేయమంటే, మిషన్‌కు ఐదుకు నాలుగున్నర. ఇంటి పరీక్షకు నాలుగు, రిపోర్టు తెలుగులో రెండు మాటలు వివరించి ఉంటే ఐదు వేసేవాడిని. మొదటి దుకాణానికి ఒకటి, అది కూడా మిషన్ అసలుదే ఇచ్చారు కాబట్టి. ఆ టెక్నీషియన్ అమ్మాయికి ఐదు. 42,000 మిషన్‌ను బీరువా ఎక్కకుండా ఆపింది ఆమె 50 నిమిషాలే. కొనేముందు దుకాణంలో ఒక్క ప్రశ్న అడగండి. నన్ను పడుకోబెట్టి మాస్కు చూస్తారా, సరిపోకపోతే నెలలోపు మారుస్తారా? తటపటాయిస్తే బయటికి వచ్చేయండి. ఎయిమ్స్ వైద్యులు 2023లో వేసిన అంచనా ప్రకారం మన దేశంలో ఈ జబ్బు ఉన్నవారు సుమారు 10 కోట్ల 40 లక్షల మంది. మన యార్డులో మధ్యాహ్నం బస్తాల మీద గురక పెడుతున్నవాళ్లలో, రాత్రి లారీ తోలేవాళ్లలో ఎందరున్నారో ఆలోచిస్తే నాకు భయం వేస్తుంది. బరువు తగ్గితే, పక్కకు తిరిగి పడుకుంటే స్వల్పంగా ఉన్నవాళ్లకు చాలావరకు తగ్గవచ్చు, అందరికీ మిషన్ అవసరం ఉండదు. ముందు పరీక్ష. నేను కూడా 6 కిలోలు తగ్గాను, ఇంకా తగ్గాలి.

నా భార్య గురించి చెప్పకుండా ఆపలేను. మాస్కు కుదిరిన మొదటి వారం ఆమెకు నిద్ర పట్టలేదు. గురక లేని గది ఆమెకు కొత్త. మధ్యరాత్రి లేచి, మాస్కు దగ్గర చెయ్యి పెట్టి గాలి తగులుతోందో లేదో చూసేది. నాకు తెలియదు, నెల తర్వాత తానే చెప్పింది. రెండేళ్లపాటు రాత్రికి ఇన్నిసార్లు లేచి నన్ను కదిపిన ఆమె నిద్రకు రిపోర్టు ఏదీ లేదు. ఇప్పుడు పొద్దున నేనే ముందు లేచి పాలు కాస్తున్నాను.

మార్చి మొదటి వారంలో మళ్లీ వైద్యుడికి చూపించుకోవాలి. కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను. మొదటిది పేర్లు జారిపోవడం గురించి. రెండోది మా తమ్ముడి గురించి, వాడి మెడ కొలత కూడా పక్కనే రాశాను.